కుక్కల బండి ఎక్కించలేదు, డబ్బులు వెనక్కి వస్తాయా?

ప్రశ్న (ఉత్తరాన్ని కుదించి వేశాం): మాది అనంతపురం. 2024 సంక్రాంతి సెలవులకు అమ్మ, నా భార్య, కొడుకుతో ఫిన్లాండ్‌లోని రొవానియెమి వెళ్లాం. బెంగళూరు ట్రావెల్ కంపెనీకి నలుగురికీ కలిపి 9 లక్షల 60 వేలు కట్టాం. అందులో లక్షా 80 వేలు ఇక్కడి వాళ్ల ఏజెంటు చేతికి నగదుగా ఇచ్చాం. మూడు రాత్రులు తిరిగినా ఆకాశంలో మెరిసే నార్తర్న్ లైట్స్ కనపడలేదు. జనవరి 14, భోగి రోజు మంచు మీద హస్కీ కుక్కలు లాగే బండి ప్రయాణం ఉండగా, వాతావరణం బాలేదని రద్దు చేశామన్నారు. అప్పటి నుంచి డబ్బులిస్తామని తిప్పుతున్నారు, 2025 ఆగస్టులో కూడా 'వచ్చే నెల' అన్నారు. అమ్మకు 72 ఏళ్లు, మళ్లీ అంత దూరం తీసుకెళ్లలేను. మొత్తం డబ్బు రాబట్టొచ్చా? రద్దయిన రోజు నా భార్య వాట్సాప్‌లో 'పర్లేదులెండి' అని పెట్టింది, ఆ మెసేజ్ తీసేయమని మా బావమరిది అంటున్నాడు. చేయొచ్చా?

జవాబు: మీ ఉత్తరంలో ముప్పావు వంతు నార్తర్న్ లైట్స్ కనపడలేదన్న బాధే ఉంది. దాన్ని పక్కన పెట్టేయండి, దాని మీద కేసు నిలవదు. సూర్యుడి నుంచి వచ్చే కణాలు వాతావరణం పై పొరల్లో తగిలితే ఆ వెలుగు పుడుతుంది, పైన అది ఎంత వెలిగినా కింద మబ్బు కమ్మితే ఎవరికీ కనపడదు. మీరు పంపిన టూర్ కాగితంలో కూడా 'వాతావరణాన్ని బట్టి' అనే రాసుంది. ఫోన్‌లో ఆ అమ్మాయి 'గ్యారంటీగా చూస్తారు సార్' అన్నదని మీరంటున్నారు, దానికి రికార్డింగ్ లేదు, మెసేజ్ లేదు. లేని మాట మీద కేసు కట్టొద్దు.

మీ కేసును తేల్చేది ఉత్తరం చివర్లో మీరు ఒక్క లైనులో దాటేసిన సంగతి. ఆ రోజు మీరు హస్కీ ఫారం (ఆ కుక్కల్ని పెంచి బండ్లు నడిపే చోటు) గేటు దగ్గరే ఉన్నారు, లోపల వేరే వాళ్లు బండ్లెక్కి వెళ్తున్నారు, మీ అబ్బాయి దాన్ని ఫోన్‌లో తీశాడు. ఆ వీడియో చూశాను. పట్టీలు కట్టిన కుక్కలు ఆగలేక ఎగిరెగిరి అరుస్తున్నాయి, వెనక బ్రేకు మీద కాలు పెట్టి నిలబడ్డ మనిషి కాలు తీయగానే బండి దూసుకుపోయింది, ఆ వెంటనే ఇంకో బండి. వాతావరణం బాలేకపోతే వాళ్లను ఎలా పంపారు? అంటే మీ పేరు మీద అసలు బుకింగే చేయలేదా అన్నది ప్రశ్న. చేసి ఉండి ఫారం వాళ్లే రద్దు చేస్తే కంపెనీకి చెప్పుకోవడానికి ఒక మాట ఉంటుంది. బుకింగే లేకుంటే మాత్రం అది సేవా లోపం, పైగా మీకు అబద్ధం చెప్పారు.

కాబట్టి ఇవాళే ఆ ఫారానికి ఈమెయిల్ పెట్టండి. రెండే ప్రశ్నలు అడగండి: 2024 జనవరి 14న మా నలుగురి పేర్లతో గానీ ఈ కంపెనీ పేరుతో మా కోసం గానీ బుకింగ్ ఉందా, ఆ రోజు రైడ్లు నడిచాయా. మీ కథంతా రాయొద్దు, అమ్మగారి కోరిక గురించి అసలే రాయొద్దు. సూటిగా అడిగితేనే సూటిగా జవాబొస్తుంది, ఆ జవాబే మీ కేసు.

ఇక గడువు. ఇక్కడ మీ మీద నిజంగా కోపం వస్తోంది. వినియోగదారుల రక్షణ చట్టం 2019, సెక్షన్ 69 ప్రకారం కారణం పుట్టిన రోజు నుంచి రెండేళ్లలోపు ఫిర్యాదు వేయాలి. మీకు కారణం పుట్టింది బండి ఎక్కించని రోజున. ఆగస్టులో 'వచ్చే నెల ఇస్తాం' అన్నారు కదా, అక్కడి నుంచి లెక్కేసుకుందాం అనుకుంటున్నట్టున్నారు. అలా కుదరదు. వాళ్లు తిప్పుకున్నంత మాత్రాన, మీరు నోటీసులు పంపినంత మాత్రాన గడువు పెరగదు. ఆలస్యానికి తగిన కారణం చూపిస్తే వినియోగదారుల కమిషన్ మన్నించవచ్చు, కానీ 'ఇస్తారని ఎదురు చూశాను' అనేదాన్ని సాధారణంగా కారణంగా ఒప్పుకోరు. మీ రెండేళ్లు 2026 జనవరి 14తో నిండుతాయి, అది సంక్రాంతి సెలవుల్లో పడుతుంది. చివరి రోజు చూద్దాం అనుకోకండి, డిసెంబరులోనే వేసేయండి. లాయర్ నోటీసు ఇవ్వాలనుకుంటే ఇవ్వండి, 15 రోజులు టైమివ్వండి, కానీ దాని జవాబు కోసం ఫిర్యాదు ఆపొద్దు. నోటీసు తప్పనిసరేమీ కాదు.

నగదు సంగతి. లక్షా 80 వేలు చేతికిచ్చి రసీదు అడగలేదంటే ఏమనాలి? సరే, ఇప్పుడు చేయగలిగింది చేద్దాం. ఆ వారంలో బ్యాంకు నుంచి డబ్బు తీసిన స్టేట్‌మెంటు, ఏజెంటు పెట్టిన 'అందింది సార్' మెసేజ్, మొత్తం సొమ్ము కనిపించే టూర్ ఇన్వాయిస్, ఈ మూడూ పెట్టండి. ఇంకొకటి, ఇన్‌కంట్యాక్స్ సైటులోకి వెళ్లి మీ పాన్ మీద జమైన పన్ను చూపించే ఫారం 26ఏఎస్ తీయండి. విదేశీ టూర్ ప్యాకేజీ అమ్మే కంపెనీ మీ పాన్ మీద టీసీఎస్ (అమ్మేవాళ్లే వసూలు చేసే పన్ను) తీసుకుని కట్టాలి, ఎంత సొమ్ము మీద కట్టిందో అందులో కనపడుతుంది. వాళ్లే చూపించిన లెక్క కాబట్టి దాన్ని కాదనలేరు. అక్కడ 7 లక్షల 80 వేలే ఉంటే, నగదును లెక్కలో చూపలేదని అర్థం, అది వాళ్లకే ఇబ్బంది.

ఇప్పుడు మీ బావమరిది సలహా. దాని జోలికి పోవద్దు. అదే చాట్ వాళ్ల ఫోన్‌లో కూడా ఉంది, మొదటి వాయిదాలోనే బయటపెడతారు, ఆ తర్వాత మీరు నిజం చెప్పినా ఎవరూ నమ్మరు. కమిషన్ ముందు జరిగేది చట్టం దృష్టిలో న్యాయ విచారణే, అక్కడ కావాలని తప్పుడు సాక్ష్యం పుట్టించి పెడితే భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 229 కింద ఏడేళ్ల దాకా శిక్ష ఉంది. కొన్ని వేల కోసం ఈ తలనొప్పి తెచ్చుకుంటారా? పైగా ఆ మెసేజ్‌కు అంత భయపడాల్సిన పనే లేదు. టైము చూడండి, 'వాతావరణం వల్ల రద్దు' అని వాళ్లు పెట్టిన తర్వాతే మీ ఆవిడ 'పర్లేదులెండి' అన్నారు. అబద్ధం చెప్పి తీసుకున్న ఒప్పుకోలు ఒప్పుకోలే కాదు. చాట్ మొత్తం ఉన్నదున్నట్టు ఎక్స్‌పోర్ట్ చేసి పెట్టండి, మనకే పనికొస్తుంది.

అబ్బాయి ఫోన్ ఎక్స్‌ఛేంజ్‌లో ఇచ్చేద్దామని రాశారు, అది వెంటనే ఆపండి. వాట్సాప్‌లో పంపిన వీడియోకు నాణ్యత తగ్గుతుంది, తీసిన తేదీ వివరాలూ పోతాయి, అసలు ఫైలు ఆ ఫోన్‌లోనే ఉంది. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమం సెక్షన్ 63 కింద, ఫోన్‌లోంచి తీసిన ఇలాంటి ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి ఇవ్వాల్సిన సర్టిఫికెట్ జత చేయండి. కమిషన్‌లో సాక్ష్యాల పట్టింపు సివిల్ కోర్టంత ఉండదు, అయినా అవతలి లాయరు లేవనెత్తే అభ్యంతరాన్ని ముందే మూసేయడం మంచిది.

బెంగళూరు వెళ్లక్కర్లేదు. మీరు నివసించే చోటే వేయొచ్చని సెక్షన్ 34 చెబుతోంది, అనంతపురం జిల్లా కమిషన్ చాలు. 'వివాదాలు బెంగళూరు కోర్టుల్లోనే' అన్న షరతు చూపించి వాళ్లు బెదిరిస్తే బెదరకండి. వినియోగదారుల ఫిర్యాదుల కోసం ఉన్న ఈ-జాగృతి పోర్టల్‌లో ఆన్‌లైన్‌లో కూడా వేసుకోవచ్చు, మీ సొమ్ముకు ఫీజు 200 రూపాయలు. కంపెనీని, ఏజెంటును ఇద్దరినీ ప్రతివాదులుగా పెట్టండి. నోటీసు అందాక వాళ్లకు జవాబుకు 30 రోజులు, కమిషన్ ఒప్పుకుంటే ఇంకో 15, అంతకు మించి లేదని సుప్రీంకోర్టు 2020లోనే తేల్చింది.

మొత్తం 9 లక్షల 60 వేలు అడగొద్దు. విమానం ఎక్కారు, హోటల్లో ఉన్నారు, లైట్స్ కోసం రాత్రిళ్లు తిప్పారు, అవన్నీ అందినట్టే. ఫారం వెబ్‌సైట్‌లో రైడ్ ధర ఎంతుందో తేదీ కనపడేలా స్క్రీన్‌షాట్ తీసి, నలుగురికీ ఆ సొమ్ము, దాని మీద వడ్డీ, అబద్ధం చెప్పి రెండేళ్లు తిప్పినందుకు నష్టపరిహారం, ఖర్చులు అడగండి. అమ్మగారి అఫిడవిట్ (ప్రమాణం చేసి రాసిచ్చే పత్రం) కూడా విడిగా వేయించండి. ఆమె పడ్డ బాధ ఆమె మాటల్లోనే, ఒక పేజీ మించకుండా ఉండాలి. నష్టపరిహారం దగ్గరికి వచ్చినప్పుడు కమిషన్ చూసేది ఆ కాగితాన్నే.