అవేక్‌కి ఓటేస్తే నవ్వుతున్నారా?

పాఠకుల ప్రశ్నలు – మా జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా డ్రీమ్ థియేటర్ గురించే. 1985లో బోస్టన్‌లోని బర్క్‌లీ సంగీత కళాశాలలో ముగ్గురు కుర్రాళ్లు మొదలుపెట్టిన ప్రోగ్రెసివ్ మెటల్ (పొడవైన పాటలు, మారే తాళాలతో సాగే హెవీ రాక్) బ్యాండ్ ఇది. గిటార్ జాన్ పెట్రూచి, బేస్ జాన్ మ్యుంగ్, డ్రమ్స్ మైక్ పోర్ట్‌నాయ్. ఇక ప్రశ్నల్లోకి.

మేం ముగ్గురు దోస్తులం. ఒకడు 1992 నాటి ఆల్బమ్ ‘ఇమేజెస్ అండ్ వర్డ్స్’ని మించింది లేదంటాడు. ఇంకొకడు 1999లో వచ్చిన ‘సీన్స్ ఫ్రమ్ ఎ మెమరీ’ అంటాడు. నేను 1994 ‘అవేక్’ పేరెత్తితే ఇద్దరూ కలిసి నవ్వుతున్నారు. ఇరానీ హోటల్ షటర్ దించేదాకా రోజూ ఇదే పంచాయితీ. మీరే తేల్చండి. — తార్నాక పాఠకుడు

నవ్వనివ్వండి. మా ఓటు కూడా అవేక్‌కే. కాకపోతే మీ దోస్తుల వాదన తీసిపారేసేది కాదు.

‘ఇమేజెస్’లో ఉన్నవి ఎనిమిది పాటలు, 57 నిమిషాలు. తీసేయదగ్గ పాట ఒక్కటీ లేదు. ‘అనదర్ డే’లో వినిపించే సాక్సఫోన్ స్పైరో జైరా బృందానికి చెందిన జే బెకెన్‌స్టీన్‌ది. ‘వెయిట్ ఫర్ స్లీప్’ రెండున్నర నిమిషాల పియానో పాటే గానీ, దాని స్వరాలు వెంటనే వచ్చే ‘లెర్నింగ్ టు లివ్’లో మళ్లీ పలుకుతాయి. పాటల అల్లికలో ఈ ఆల్బమ్‌కి వంక పెట్టలేం. వంకంతా డ్రమ్స్ శబ్దంలోనే ఉంది. ‘అండర్ ఎ గ్లాస్ మూన్’ పెట్టుకుని స్నేర్, అంటే డ్రమ్స్‌లో టప్‌మని మోగే చిన్న డ్రమ్, దాని ఒక్కదాని మీదే చెవి పెట్టండి. మెల్లగా కొట్టినా, బలంగా కొట్టినా అదే ‘టప్’. నిర్మాత డేవిడ్ ప్రేటర్ పట్టుబట్టి ట్రిగ్గర్లు వాడించాడు. అంటే దెబ్బ పడగానే ముందే రికార్డు చేసి పెట్టుకున్న శబ్దం వచ్చి ఆ చోట కూర్చుంటుంది. పోర్ట్‌నాయ్ చేతి బరువు అందులో కొట్టుకుపోయింది. అతనికే అది నచ్చలేదు.

‘సీన్స్’ కథగా అన్నిటికంటే పైమెట్టు. నికొలస్ అనే యువకుడు హిప్నాసిస్‌లో పూర్వజన్మలోకి వెళ్లి, 1928లో హత్యకు గురైన విక్టోరియా కథను తవ్వుతాడు. పునర్జన్మ కథలంటే మనవాళ్లకు కొత్త కాదు, అందుకే ఇక్కడి కుర్రాళ్లు దీనికి తొందరగా పడిపోతారు. ‘ఇమేజెస్’లోని ‘మెట్రోపొలిస్ పార్ట్ 1’ రాగాల తునకలు ఇందులో అడుగడుగునా తగులుతాయి. జోర్డన్ రూడెస్ కీబోర్డ్ మీద కూర్చున్న మొదటి ఆల్బమ్ కూడా ఇదే. ఇబ్బందల్లా ‘బియాండ్ దిస్ లైఫ్’లాంటి చోట్ల. పదకొండు నిమిషాల పాటలో కథ చెప్పే భాగం అయిపోయాక గిటారూ కీబోర్డూ ఒకదాన్నొకటి తరుముకుంటూ పోతాయి, కథ మాత్రం ఒక్క అడుగు కదలదు.

ఇక అవేక్. ‘ది మిర్రర్’, ‘లై’ పాటల్లో పెట్రూచి ఏడు తీగల గిటార్ వాడాడు. దాని అడుగు తీగ ‘బి’, అంటే సుమారు 62 హెర్ట్జ్. మ్యుంగ్ ఆరు తీగల బేస్‌లో అడుగు తీగ కూడా ‘బి’నే, కానీ ఒక స్థాయి కింద, 31 హెర్ట్జ్ దగ్గర. రెండూ ఒకే రిఫ్ (తిరిగి తిరిగి వచ్చే చిన్న స్వరాల వరస) వాయించినా ఒకదాని దారికి ఒకటి అడ్డురాదు, గోడ కట్టినట్టు నిలబడతాయి. కీబోర్డ్ మీద కెవిన్ మూర్ గిటార్‌తో పరుగుపందెం పెట్టుకోడు. వెనకనుంచి వాతావరణం అల్లుతాడు. ఆల్బమ్ చివరి పాట ‘స్పేస్-డై వెస్ట్’ అతనిదే, దాని పియానో పలుకుని నాలుగు పాటల ముందే ‘ది మిర్రర్’లో వదిలి పెట్టారు. ఆల్బమ్ పూర్తవుతుండగానే మూర్ బ్యాండ్ వదిలేశాడు. ఆ పాటను వాళ్లు వేదిక మీద మొదటిసారి వాయించింది 2014లో. గాయకుడు జేమ్స్ లబ్రీ గొంతు సంగతి కూడా చూడండి: 1994 డిసెంబరులో క్యూబాలో తిండి విషమై, వాంతులతో అతని స్వరతంత్రులు దెబ్బతిన్నాయి. దెబ్బ తగలని ఆ గొంతుతో విడుదలైన చివరి ఆల్బమ్ అవేక్.

లోపం లేదా అంటే ఉంది. 75 నిమిషాలు ఎక్కువే. ‘ఇన్నోసెన్స్ ఫేడెడ్’ని పక్కన పెట్టినా మాకు లోటనిపించదు. ఈ మాటకి ఇంకో నాలుగు ఉత్తరాలు రావడం ఖాయం.

ఇంతకీ మీ దోస్తులు అవేక్‌ని దేంట్లో విన్నారు? ఫోన్ స్పీకర్‌లో అయితే పైన చెప్పిన 62, 31 హెర్ట్జ్‌లు వాళ్లకి చేరనే లేదు. అంత చిన్న స్పీకర్‌లో ఆ కింది శబ్దాలు రావు. ఈ మూడింట్లో ఫోన్ మీద ఎక్కువ నష్టపోయేది అవేకే.

అయితే మూడు ఆల్బమ్‌లూ ఒకే రోజు కూర్చుని విని ఓటు వేద్దామనుకుంటున్నాం. ఎలా పెట్టుకుంటే పక్షపాతం లేకుండా ఉంటుంది? — మియాపూర్ పాఠకులు

మొత్తం సుమారు మూడున్నర గంటలు. ఆదివారం మధ్యాహ్నం చాలు. కరెంటు పోతే ఆగిపోకుండా ఇన్వర్టర్ ఉన్న ఇల్లు చూసుకోండి.

మొదటి జాగ్రత్త వాల్యూమ్. ఒకే పాటని రెండుసార్లు పెట్టి, రెండోసారి ఒక్క డెసిబెల్ పెంచి చూడండి. ఎక్కువమంది రెండోదే ‘బాగుంది’ అంటారు, గట్టిగా ఉందని మాత్రం అనరు. కాబట్టి ఫోన్‌లో సౌండ్ మీటర్ యాప్ వేసుకుని, మీరు కూర్చునే చోటే పెట్టండి. ప్రతి ఆల్బమ్‌లోనూ బ్యాండ్ మొత్తం వాయిస్తున్న అర నిమిషం ముక్క ఎంచుకుని, మూడూ 75–80 డెసిబెళ్ల మధ్య ఒకే అంకె దగ్గర నిలిచేలా నాబ్ తిప్పండి. నెమ్మదిగా సాగే పియానో భాగంతో కొలిస్తే లెక్క తప్పుతుంది. ఒక ఆల్బమ్ పాత సీడీ, ఇంకొకటి కొత్త రీమాస్టర్ (శబ్దాన్ని మళ్లీ సరిచేసి విడుదల చేసినది) అయితే తేడా ఇంకా ఎక్కువ, కుదిరితే మూడూ ఒకే రకం తెచ్చుకోండి.

యాప్‌లో వింటుంటే షఫుల్ ఆపండి, క్రాస్‌ఫేడ్ (ఒక పాట తోకని తర్వాతి పాటలో కలిపేది) సున్నాకి తేండి, పాటల మధ్య ఖాళీ రానివ్వని గ్యాప్‌లెస్ ఆన్ చేయండి. ‘సీన్స్’లో పాట పాటలోకి కలిసిపోతుంది, మధ్యలో అరసెకను ఖాళీ వచ్చినా తెలిసిపోతుంది. ఉచిత ఖాతాలో విన్నారంటే విక్టోరియా హత్య దగ్గర టూత్‌పేస్ట్ ప్రకటన దూరుతుంది. సౌండ్‌బార్ ఉంటే సినిమా మోడ్, బేస్ బూస్ట్ రెండూ తీసేయండి. పెళ్లిళ్ల బ్లూటూత్ స్పీకర్ల మీద మాత్రం ఈ పోటీ పెట్టకండి. వాటిలో అన్ని ఆల్బమ్‌లూ ఒకేలా గుబగుబలాడతాయి.

విరామం ఎక్కడివ్వాలో కూడా ముందే చూసుకోవాలి. ‘సీన్స్’ రెండు అంకాలు: మొదటిది 36 నిమిషాల లోపు ‘త్రూ హర్ ఐస్’తో ముగుస్తుంది, రెండోది ‘హోమ్’తో మొదలై 41 నిమిషాలు. చాయ్ అక్కడే తాగండి. అవేక్‌లో ‘ఎరోటోమేనియా’, ‘వాయిసెస్’, ‘ది సైలెంట్ మ్యాన్’ మూడూ కలిపి ఒకే కూర్పు, 20 నిమిషాలు. అవి అయ్యాక ఆపండి. ‘ది మిర్రర్’కీ ‘లై’కీ మధ్య ఆపితే అతుకు తెగుతుంది. మూడో ఆల్బమ్ వచ్చేసరికి చెవి అలసిపోతుంది కనుక వరస చీటీలు వేసి నిర్ణయించండి. ఓట్లు కాగితం మీద రాసి మడవండి. గట్టిగా మాట్లాడేవాడు ముందు నోరు తెరిస్తే మిగతా ఇద్దరి చేతులూ అటే లేస్తాయి.

‘పుల్ మీ అండర్’ చివర్లో ఉన్నట్టుండి తెగిపోతోంది. ఫైల్ మూడుసార్లు డౌన్‌లోడ్ చేశా. — మలక్‌పేట పాఠకుడు

నాలుగోసారి వద్దు. పాట అలాగే ఆగుతుంది, కావాలనే కోశారు. ఎనిమిది నిమిషాల పద్నాలుగు సెకన్ల దగ్గర తెగితే మీ ఫైల్ సరైనదే. ‘సీన్స్’ చివర వచ్చే గరగర కూడా లోపం కాదు. 2002 ఆల్బమ్ ‘సిక్స్ డిగ్రీస్ ఆఫ్ ఇన్నర్ టర్బులెన్స్’ ఆ గరగరతోనే మొదలవుతుంది. దాని చివరి శబ్దంతో 2003 నాటి ‘ట్రెయిన్ ఆఫ్ థాట్’, దాని చివరి స్వరంతో 2005 నాటి ‘ఆక్టవేరియమ్’.

నాకు మృదంగం కొంత వచ్చు. ‘ది డాన్స్ ఆఫ్ ఎటర్నిటీ’కి తాళం వేద్దామని కూర్చుంటే పది సెకన్లకే తప్పిపోతున్నా. — పద్మారావునగర్ పాఠకురాలు

ఈ ముక్క ఆరు నిమిషాల చిల్లర, అందులో తాళం మారేది వందసార్లకు పైనే. మీరు తప్పడానికి కారణం మీ అలవాటే. మన పద్ధతిలో తాళం కదలదు. ఆవర్తనం స్థిరంగా ఉంటుంది, దాని లోపల జతులూ నడకలూ మారి చివరికి సమానికి వచ్చి చేరతాయి. ఇక్కడ మారేది ఆవర్తనమే. ఒక బారు ఏడు, తర్వాతది అయిదు, ఆ తర్వాతది ఇంకేదో. చేత్తో ఆది తాళమో మిశ్రచాపో పట్టుకుని కూర్చుంటే సమం మీకోసం ఆగదు.

చేతి క్రియ మానేయండి. పాదంతో అతి చిన్న మాత్రని మాత్రమే సమానంగా తట్టండి. నోటితో జతులు చెప్పండి: మూడైతే ‘తకిట’, నాలుగైతే ‘తకధిమి’, అయిదైతే ‘తకతకిట’. ఏడు వచ్చినచోట ‘తకిట తకధిమి’ అనేయకండి. రాక్‌లో ఏడు చాలాసార్లు ‘తకధిమి తకిట’గానో ‘తక తక తకిట’గానో విరుగుతుంది. ఎలా విరిగిందో చెప్పేది రిఫ్‌లో గిటార్ ఒత్తిన చోటు, స్నేర్ కాదు. స్నేర్‌ని నమ్ముకుంటే పోర్ట్‌నాయ్ మిమ్మల్ని బారు మధ్యలో వదిలేసి వెళ్లిపోతాడు.

వేగం 70 శాతానికి తగ్గించండి. శ్రుతి మారకుండా వేగం తగ్గించే సౌకర్యం ఇప్పుడు చాలా ప్లేయర్లలో ఉంది. ఇరవై సెకన్ల ముక్క తీసుకుని, ప్రతి బారుకీ అంకె వేస్తూ కాగితం మీద వరసగా రాయండి. ఆ వరస నోటికి వచ్చాకే తర్వాతి ముక్కకి వెళ్లండి. మధ్యలో ర్యాగ్‌టైమ్ పియానో తగులుతుంది, పాత మూకీ సినిమా హాల్లో వాయించే రకం. అది వినోదానికే, అక్కడ కాసేపు ఊపిరి పీల్చుకోండి.

మీ కాలమ్‌లో 1999 దాటి కదలరేం? మాంజినీ కాలంలో ఏమీ లేదా? — గచ్చిబౌలి పాఠకుడు

ఉంది. మైక్ మాంజినీ డ్రమ్స్ వాయించినవి 2011 నుంచి 2021 దాకా అయిదు ఆల్బమ్‌లు. వాటిలో చివరిదైన ‘ఎ వ్యూ ఫ్రమ్ ద టాప్ ఆఫ్ ద వరల్డ్’లోని ‘ది ఏలియన్’కి 2022లో గ్రామీ వచ్చింది. చేతి పనితనంలో మాంజినీని వేలెత్తి చూపలేం, కానీ ఆ కాలపు మిక్స్‌లలో డ్రమ్స్ మరీ ఇస్త్రీ చేసినట్టుంటాయి. 2016 నాటి ‘ది అస్టానిషింగ్’ 34 ముక్కలతో రెండు గంటలు దాటుతుంది, దాన్ని పూర్తిగా వినమని ఎవరికీ చెప్పం. 2010లో వెళ్లిపోయిన పోర్ట్‌నాయ్ 2023లో తిరిగొచ్చాడు. 2025లో ‘పారాసోమ్నియా’ వెలువడింది. ఈ పందెంలోకి దాన్ని దించడానికి ఇంకొంత కాలం పట్టాలి.

కొత్తగా వినేవారికి వేరే దారి ఒకటుంది. మద్యం మానే పన్నెండు మెట్లను పోర్ట్‌నాయ్ అయిదు ఆల్బమ్‌లలో అయిదు పాటలుగా పరిచాడు: ‘ది గ్లాస్ ప్రిజన్’, ‘దిస్ డైయింగ్ సోల్’, ‘ది రూట్ ఆఫ్ ఆల్ ఈవిల్’, ‘రిపెంటెన్స్’, ‘ది షాటర్డ్ ఫోర్ట్రెస్’. ఇదే వరసలో పేర్చితే దాదాపు 57 నిమిషాలు. 2002–2009 మధ్య బ్యాండ్ శబ్దం ఎలా మారిందో ఒక్క కూర్చోలో తెలుస్తుంది. ఇక్కడ మాత్రం యాప్‌లో వాల్యూమ్ సమం చేసే సెట్టింగ్ ఆన్‌లో ఉంచండి, అయిదూ అయిదు స్థాయిల్లో రికార్డయ్యాయి.

మా కాలేజీ ఫెస్ట్‌లో ‘ది మిర్రర్’ వాయించాలి. ఏడు తీగల గిటార్ కొనే స్తోమత లేదు. ఉన్న ఆరు తీగల గిటార్ తీగలు వదులు చేస్తే పటపటమంటోంది. — నల్లకుంట పాఠకుడు

10–46 (తీగల మందం, అంగుళంలో వెయ్యో వంతుల్లో) సెట్‌లోని లావు తీగని ‘ఇ’ నుంచి ‘బి’కి దించితే బిగువు పోయి మెట్లకి తగులుతుంది, అదే ఆ పటపట. ఏడు తీగల గిటార్‌కి అమ్మే 10–56 సెట్ కొనండి. అందులో సన్నగా ఉండే 10 తీగ పక్కన పెట్టి మిగతా ఆరూ ఎక్కించండి. కిందనుంచి పైకి బి, ఇ, ఎ, డి, జి, బి. ప్రతి తీగా దాని అసలు శ్రుతిలోనే ఉంటుంది కాబట్టి మెడ మీద ఒత్తిడి పెద్దగా మారదు. పోయేది పై ‘ఇ’ తీగ ఒక్కటే, రిఫ్‌లకి దాంతో పని లేదు.

చిక్కు నట్ దగ్గర, అంటే మెడ చివర తీగలు కూర్చునే గాడులున్న పట్టీ దగ్గర, వస్తుంది. 46కి కోసిన గాడిలో 56 దిగదు, పైపైన కూర్చుని ట్యూన్ చేసేటప్పుడు ‘టింగ్’మని జారుతుంది. గాడిని వెడల్పు చేయించాలి, లోతు కాదు. లోతు పెరిగితే ఉత్త తీగే మోగినప్పుడు మళ్లీ పటపట. ఆకురాయి మీరు పట్టకుండా సెటప్ చేసేవాళ్లకి ఇవ్వండి. తర్వాత పన్నెండో మెట్టు దగ్గర తీగని నొక్కకుండా తాకి మీటితే వచ్చే హార్మోనిక్‌నీ, నొక్కిన స్వరాన్నీ ట్యూనర్‌లో పోల్చండి. నొక్కింది ఎక్కువ చూపిస్తే బ్రిడ్జి మీద ఆ తీగ ఆనే సాడిల్‌ని మెడకి దూరంగా జరపండి. లావు తీగకి సాధారణంగా ఇలాగే అవసరమవుతుంది. కదిలే బ్రిడ్జి ఉన్న గిటార్ అయితే స్ప్రింగులు కూడా సరిచూడాలి.

ఇవన్నీ ఫెస్ట్‌కి కనీసం వారం ముందు చేయించండి. ఏసీ గదిలోంచి మే నెల ఎండలోకో, జూలై ముసురులోకో తీసుకెళ్తే మెడ కొంచెం కదులుతుంది, వేదిక ఉన్నచోట అరగంట ముందే కేసు తెరిచి పెట్టి మళ్లీ ట్యూన్ చేయండి. ఆంప్‌లో గెయిన్ (శబ్దాన్ని గరుకు చేసే నాబ్) మీరు ఇంట్లో పెట్టుకునేదానికంటే తగ్గించండి, బేస్ నాబ్ సగానికి దించండి. ఆ కింది చోటు బేస్ గిటార్‌ది. మీ బేసిస్టు దగ్గర నాలుగు తీగలదే ఉంటే అయిదు తీగలది అద్దెకి తెచ్చుకోమనండి, దాని అడుగు తీగ కూడా ‘బి’నే.