అమెరికా వలస సేవల శాఖ యూఎస్‌సీఐఎస్‌కు సమన్లు పంపి 60 రోజులైనా జవాబు రాలేదా?

కేసుకు జవాబివ్వడానికి ప్రభుత్వానికి ఉండే ఆ 60 రోజుల గడువు ఇంకా మొదలే కాలేదు. గ్రీన్‌కార్డు ఆలస్యంపై కేసు వేసి, సమన్లు మీరే యూఎస్‌సీఐఎస్‌కు మాత్రమే పోస్ట్ చేశానన్నారు. గడువు లెక్కించేది సమన్లు యూఎస్ అటార్నీ (కోర్టులో అమెరికా ప్రభుత్వం తరఫు లాయర్) ఆఫీసుకు అందిన రోజు నుంచి. చాలామంది మర్చిపోయేది ఇదే.

1. సమన్లు, కంప్లయింట్ (మీరు కోర్టులో వేసిన ఫిర్యాదు) కాపీ కేసు వేసిన ఫెడరల్ కోర్టు జిల్లాలోని యూఎస్ అటార్నీ ఆఫీసుకు సర్టిఫైడ్ మెయిల్‌లో పంపించండి. కవరు మీద ‘సివిల్ ప్రాసెస్ క్లర్క్’ అని ఉండాలి.
2. ఇంకో సెట్ వాషింగ్టన్‌లోని అటార్నీ జనరల్‌కు, మరొకటి మళ్లీ యూఎస్‌సీఐఎస్‌కు.
3. పోస్ట్ చేసేది మీరు కాకూడదు. 18 ఏళ్లు నిండి, కేసులో పార్టీ కాని ఫ్రెండైనా చాలు. ప్రూఫ్ ఆఫ్ సర్వీస్ (సమన్లు పంపినట్టు కోర్టుకిచ్చే రుజువు పత్రం) మీద సంతకం కూడా ఆ ఫ్రెండ్‌దే.

కేసు వేసిన 90 రోజుల్లో ఇదంతా పూర్తవ్వాలి. మీకు నెల కూడా లేదు, రేపే పంపించండి. సరిపోదనిపిస్తే గడువు దాటకముందే పొడిగింపు అడగండి.