మూర్ఛ సిరప్‌తో మెదడు కణితి తగ్గుతుందా?

ప్రశ్న: మా బాబుకు ఏడేళ్లు. మెదడు కాండంలో డీఐపీజీ అనే కణితి ఉందని నెల క్రితం తేలింది. రేడియేషన్ ఇస్తున్నారు. ఫిట్స్ ఎప్పుడూ రాలేదు. మూర్ఛకు వాడే వాల్‌ప్రోయేట్ ఈ కణితిని కూడా తగ్గిస్తుందని ఒక వీడియోలో చూశాం. మా ఆడపడుచు కూతురు అదే సిరప్ వాడుతోంది. బాబుకు కూడా మొదలుపెట్టవచ్చా? – ఒక తల్లి, ఖమ్మం

జవాబు: ఆ సిరప్ బాబుకు పట్టకండమ్మా. ఇప్పటికే ఒకటి రెండు మోతాదులు పట్టి ఉంటే దాచకుండా మీ ఆంకాలజిస్టుకు చెప్పండి. ఆయన కోప్పడినా ఫరవాలేదు.

మీరు విన్నది పూర్తిగా కట్టుకథ కాదు. మన కణాల్లో డీఎన్‌ఏ, కండెకు చుట్టిన దారంలా, హిస్టోన్ అనే ప్రొటీన్ల చుట్టూ చుట్టుకుని ఉంటుంది. ఆ చుట్టు బిగుసుకుంటే కొన్ని జన్యువులు మూగబోతాయి. చుట్టును బిగించే ఎంజైమ్‌ను వాల్‌ప్రోయేట్ అడ్డుకుంటుందని 2001లో తెలిసింది. డీఐపీజీ ఉన్న పిల్లల్లో చాలామందికి కణితి కణాల్లోని హిస్టోన్ జన్యువులోనే లోపం ఉంటుందని 2012లో బయటపడింది. మూర్ఛకు దశాబ్దాలుగా వాడుతున్న, చవకగా దొరికే మందు ఇక్కడ కూడా పనికొస్తుందేమో అని పరిశోధకులు ఆశపడటం సహజమే. ప్రయోగశాలలో కణితి కణాలు ఈ మందు సమక్షంలో రేడియేషన్‌కు మరింత లొంగాయి కూడా.

పిల్లల్లో ఆ ఆశ నెరవేరలేదు. అమెరికాలో డీఐపీజీ, గ్లయోమాలు అనే ఇతర తీవ్రమైన మెదడు కణితులు ఉన్న పిల్లలకు రేడియేషన్‌తో పాటు వాల్‌ప్రోయేట్ ఇచ్చి, తర్వాత దానికి, కణితికి కొత్త రక్తనాళాలు పెరగకుండా అడ్డుకునే బెవాసిజుమాబ్ అనే మందును జోడించి చూశారు. 2020లో ఫలితాలు వచ్చాయి. పిల్లలు మందును చాలావరకు తట్టుకున్నారు గానీ, అంతకుముందు చికిత్స పొందిన పిల్లలకంటే ఎక్కువ కాలం జీవించలేదు. పెద్దవాళ్లకు వచ్చే గ్లయోబ్లాస్టోమా అనే మెదడు కణితిలో మేలు కనిపించిందని 2011లో ఒక విశ్లేషణ చెప్పింది. 2016లో పలు ట్రయల్స్‌లోని 1,800 మందికి పైగా రోగుల వివరాలు కలిపి చూస్తే ఆ మేలు కనబడలేదు. వీడియోలు మొదటి దాన్నే పట్టుకుని తిరుగుతాయి, రెండోది ఎవరికీ ఉత్సాహాన్నివ్వదు కదా!

ఇంకో సంగతి. రేడియేషన్ అయ్యాక ఈ పిల్లల్లో చాలామందికి నడక, చూపు, మింగడం కొన్ని నెలలపాటు మెరుగవుతాయి. ఆ సమయంలో ఏ సిరప్ పట్టినా, ఏ కషాయం తాగించినా దానివల్లే బాగయిందనిపిస్తుంది. అలా చెప్పే తల్లిదండ్రులు అబద్ధమాడటం లేదు, కానీ ఆ మేలు రేడియేషన్‌ది.

పైగా వాల్‌ప్రోయేట్ మగత, వాంతులు తెప్పించగలదు. మెదడులో ఒత్తిడి పెరిగినా కనిపించేవి అవే. మందువల్లో, కణితివల్లో తెలియక విలువైన సమయం పోతుంది. ప్లేట్‌లెట్లు తగ్గవచ్చు, కాలేయం దెబ్బతినవచ్చు. కణాలకు శక్తినిచ్చే మైటోకాండ్రియాకు సంబంధించిన జన్యులోపాలు ఉన్న పిల్లలకైతే ప్రాణాపాయమే. ఇక ఆ పాపకు ఇచ్చే మోతాదు ఆమె బరువును బట్టి నిర్ణయించినది, ఆమె సీసా ఆమెకే ఉండాలి.

బాబుకు ఎప్పుడైనా ఫిట్స్ వస్తే మందు అవసరమే. అప్పుడు ఏది ఇవ్వాలో న్యూరాలజిస్టు నిర్ణయిస్తారు. మెదడు కాండం కణితుల్లో ఫిట్స్ అరుదు కనుక ముందుజాగ్రత్తగా వాడనక్కర్లేదు.

ఈ కణితిని పూర్తిగా నయం చేసే మందు ఇప్పటికీ లేదు. ఇది మీకు చెప్పడం నాకు కష్టంగానే ఉంది. కానీ అడగదగిన ప్రశ్న ఒకటుంది: కణితి ముక్క తీసి, హిస్టోన్ జన్యువులో హెచ్3 కే27ఎం అనే మార్పు ఉందో లేదో చూశారా? ఆ మార్పు ఉండి, చికిత్స తర్వాత కణితి మళ్లీ పెరిగినవారికి డోర్డావిప్రోన్ అనే మందును 2025 ఆగస్టులో అమెరికా అనుమతించింది. 50 మందిని పరిశీలిస్తే 22 శాతం మందిలో కణితి కుంచించుకుపోయింది. అందరికీ పనిచేయదు, మన దగ్గర తెప్పించుకోవడం కూడా తేలిక కాదు. అయినా మీ ఓపికను సిరప్ మీద కాక ఈ విచారణ మీద పెట్టండి.

రేడియేషన్ ఒక్క రోజు కూడా మానకండి. స్టెరాయిడ్ ఇస్తుంటే మీ అంతట మీరు ఆపకండి. తలనొప్పి, మింగడంలో ఇబ్బంది, నిద్రలేమి వంటి బాధలు చూసే పాలియేటివ్ కేర్ బృందాన్ని ఇప్పుడే కలవండి. చివరి దశ వచ్చేదాకా ఆగనక్కర్లేదు, వాళ్లు చికిత్స నడుస్తుండగానే సాయపడతారు. బాబు అకస్మాత్తుగా మగతలోకి జారినా, వాంతులు ఎక్కువైనా ఉదయం దాకా ఎదురుచూడకుండా ఆస్పత్రికి తీసుకెళ్లండి.