అతుకుల బొంత కుట్టి ఇద్దామనుకుంటున్నారా?

శ్రావణమాసం పేరంటాలయ్యాక ఇంట్లో పోగైన జాకెట్ ముక్కల్ని ఏం చేయాలని అడుగుతూ ఏటా ఉత్తరాలు వస్తాయి. ఈసారి చాలామంది వాటితో బొంతలు కుట్టి అవసరమైనవాళ్లకి ఇస్తామని రాశారు. అందుకే ఈ నెల శీర్షిక మొత్తం దానికే.

ప్రశ్న: మా బీరువాలో ఒక అర నిండా జాకెట్ ముక్కలే. పేరంటాల్లో ఇచ్చినవి, మ్యాచింగ్ అని కొని కుట్టించనివి, పిల్లల గౌన్లు కుట్టగా మిగిలినవి. మా వీధి చివర ఆడపిల్లల హాస్టల్ ఉంది. చలికాలం లోపు వాళ్లకి బొంతలు కుట్టి ఇవ్వాలని నేనూ మా తోడికోడలూ అనుకున్నాం. జాకెట్లు కుట్టడం వచ్చు గానీ బొంత ఎప్పుడూ కుట్టలేదు. ఎక్కడ మొదలుపెట్టాలి?
– ఒక పాఠకురాలు, తణుకు

జవాబు: కత్తెర పట్టుకునే ముందు హాస్టల్‌కి వెళ్లి వార్డెన్‌తో మాట్లాడండి. ఎంతమంది పిల్లలున్నారు, మంచాల మీద పడుకుంటారా నేల మీదా, బొంత పరుచుకోవడానికి కావాలా కప్పుకోవడానికా, ఉతికి ఆరేసుకునే చోటుందా, ఇవేవీ తెలియకుండా కుడితే ఎంత అందమైన బొంతైనా స్టోర్‌రూంలో పడి ఉంటుంది. ఇంకోటి, నలభై మంది పిల్లలున్న చోట ఐదు బొంతలు ఇస్తే అవి ఎవరికివ్వాలో తెలియక వార్డెన్‌కి తలనొప్పి, అందని పిల్లలకి బాధ. అందరికీ కుట్టలేమనుకుంటే జ్వరం వచ్చిన పిల్లలు పడుకునే గదికి అని చెప్పి ఇవ్వండి, లేదా ముందు చిన్న క్లాసు పిల్లలందరికీ కుట్టి, మిగతావాళ్లకి వచ్చే ఏడాది అనుకోండి.

ఇక గుడ్డ సంగతి. పేరంటాల్లో వచ్చే ముక్కల్లో పాలిస్టర్ కలిసినవి చాలా ఉంటాయి. చేత్తో తడిమి చెప్పడం కష్టం, అంచు నుంచి రెండు పోగులు లాగి స్టీలు పళ్లెంలో పెట్టి అగ్గిపుల్ల అంటించండి. కాగితం కాలిన వాసన వచ్చి మెత్తటి బూడిద మిగిలితే కాటన్. కరిగి గట్టి ఉండ కడితే పాలిస్టర్. రెండూ కనిపిస్తే కలిసిన రకం. కలిసిన రకం వాడినా తప్పేం లేదు, కాకపోతే దాన్నీ అసలు కాటన్‌నీ ఒకే బొంతలో పక్కపక్కన అతకొద్దు, ఉతికిన కొద్దీ కాటన్ కుంచించుకుపోయి రెండో గుడ్డ అలాగే ఉండి అతుకు దగ్గర ముడతలు పడతాయి. ఒక్కో రకానికి ఒక్కో బొంత పెట్టుకోండి.

ముక్కలన్నిటినీ కత్తిరించకముందే నానబెట్టి ఉతికి ఇస్త్రీ చేయాలి. గంజి పోతుంది, కుంచించుకునేదేదో ముందే కుంచించుకుంటుంది. ఎరుపు, మెరూన్, ముదురు నీలం లాంటివి మాత్రం విడివిడిగా వేడినీళ్లలో ఒక తెల్లగుడ్డ పేలికతో కలిపి అరగంట ఉంచండి. తెల్లగుడ్డకి రంగు అంటితే ఉతికి మళ్లీ చూడండి, అయినా దిగుతూనే ఉంటే ఆ ముక్క ఎంత బాగున్నా పక్కన పెట్టేయాల్సిందే. హాస్టల్లో బొంతని ఎవరూ జాగ్రత్తగా విడిగా ఉతకరు, ఆ ఒక్క ఎరుపు ముక్క మొత్తం బొంతనీ దాంతోపాటు ఉతికిన యూనిఫారాన్నీ పాడుచేస్తుంది. పసుపు మరకలకి మాత్రం కంగారు పడకండి, సబ్బుతో ఉతికి మంచి ఎండలో ఆరేస్తే చాలావరకు పోతాయి.

కొలతలకి చీరనే లెక్కగా పెట్టుకోండి. ఐదున్నర మీటర్ల పాత కాటన్ చీరని పొడవునా మూడు మడతలు వేస్తే సుమారు ఆరడుగుల పొడవు, 45 అంగుళాల వెడల్పు వస్తుంది. అలాంటివి రెండు పరిస్తే ఆరు పొరలు, లోపలి మందమూ అడుగు భాగమూ రెండూ అవే. పైన మీ జాకెట్ ముక్కల అతుకులు 42 అంగుళాలు, 66 అంగుళాలు వచ్చేలా చూసుకుంటే చీర చుట్టూ కొంచెం ఎక్కువ ఉండి కుట్టడానికి వీలుగా ఉంటుంది. అట్టముక్క మీద ఆరున్నర అంగుళాల చదరం గీసి కోసుకుని, దాన్ని పెట్టి చాక్‌తో గీసి కత్తిరించండి. నాలుగు వైపులా పావు అంగుళం మార్జిన్ పోతే ఆరంగుళాల చదరం మిగులుతుంది. అడ్డంగా ఏడు, నిలువుగా పదకొండు, మొత్తం 77 చదరాలు. 36 అంగుళాల పన్నా ఉన్న 80 సెంటీమీటర్ల ముక్కలో 20 చదరాలు వస్తాయి కాబట్టి నాలుగు జాకెట్ ముక్కలు చాలు. రెండు ప్లెయిన్, రెండు ప్రింట్ తీసుకుని ఒకటి విడిచి ఒకటి అతకండి. ఒక్కో ముక్కలో మిగిలే పట్టీని రెండుగా చీల్చి అంచుకి దాచుకోండి, నాలుగింట్లోవీ కలిపి అతికితే బొంత చుట్టూ సరిపోతాయి.

ముందు అడ్డ వరసలు కుట్టి ఇస్త్రీ చేసి, తర్వాత వరసకి వరస కలపండి. ఒక వరసలో మార్జిన్లు కుడివైపు మడిస్తే కింద వరసలో ఎడమవైపు మడవాలి, అప్పుడే మూలలు కలిసిన చోట ముద్దగా రాదు. తర్వాత నేల మీద చీరలు పరిచి, పైన ఈ అతుకుల గుడ్డ వేసి, మధ్య నుంచి బయటికి చేత్తో సాపు చేస్తూ పిన్నీసులు పెట్టి టాకాలు వేయండి. చివరి నుంచి మొదలుపెడితే గుడ్డంతా మధ్యకి జరిగి బుడగలా లేస్తుంది. గట్టి కాటన్ దారంతో రెండు మూడు అంగుళాలకొక వరస చొప్పున అన్ని పొరలూ పట్టేలా కుట్టుకుపోవాలి. ఇక్కడ తొందరపడొద్దు, బొంత ఎన్నేళ్లు మన్నుతుందన్నది ఈ కుట్టు మీదే ఆధారపడి ఉంటుంది. ఇద్దరూ చెరోవైపు కూర్చుంటే పని బాగా సాగుతుంది.

ప్రశ్న: మా అత్తగారి పాత నేత చీరలు చాలా ఉన్నాయి, కొన్ని అక్కడక్కడా చిరిగాయి. బొంత లోపల వేద్దామంటే, చిరిగిన గుడ్డ దానానికి పనికిరాదని మా పిన్ని అంటోంది. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు, కరీంనగర్

జవాబు: మీ పిన్నిగారి మాటని కొట్టిపారేయలేం. మనకి అక్కర్లేనిదంతా పేదవాళ్లకి చాలులే అనుకోవడం నాకు అస్సలు నచ్చదు. అయితే పాతదనం వేరు, శిథిలం కావడం వేరు. చీరని రెండు చేతులతో పట్టుకుని అడ్డంగా ఒకసారి, నిలువుగా ఒకసారి గట్టిగా లాగండి. పర్రుమని చిరిగితే అది మసిగుడ్డకే. నిలబడితే ఎన్నిసార్లు ఉతికిందైనా బొంతకి మేలైన గుడ్డ, కొత్తదానికి ఆ మెత్తదనం రాదు. కుచ్చిళ్ల కింది భాగం, కూర్చునే చోటు ముందు నీరసిస్తాయి కాబట్టి ఆ మేర కోసేసి బాగున్నంతవరకే పొరగా వేయండి. జరీ అంచు తప్పకుండా తీసేయాలి, ఒంటికి గీసుకుంటుంది. మామూలు నూలు అంచు మాత్రం పారేయకండి, బొంత చుట్టూ కుట్టడానికి చక్కగా పనికొస్తుంది. మీ మనవరాలి కింద పరచడానికి మీకు మనసొప్పే గుడ్డైతే ఇంకొకరికి ఇవ్వండి.

పాత గుడ్డని గౌరవంగా వాడుకోవచ్చని పెద్ద ఎత్తున చేసి చూపించినవాళ్లున్నారు. అన్షు గుప్తా 1999లో మొదలుపెట్టిన గూంజ్ సంస్థ వాడిన బట్టల్ని వేరుచేసి, శుభ్రం చేసి, తొడుక్కోవడానికి పనికిరాని వాటితో సుజనీ బొంతలు (పాత గుడ్డల పొరల్ని కలిపి కుట్టే రకం) కుట్టిస్తుంది. ఆయనకి 2015లో రామన్ మెగసెసే పురస్కారం వచ్చింది. మనం ఇంట్లో చేసే పనిలోనూ ఆ వేరుచేయడమే ముఖ్యం.

ప్రశ్న: లంబసింగి వైపు ఒక ఊరికి పంపాలనుకుంటున్నాం. ఆ చలికి చీరల బొంత ఆగుతుందా? నా మిషన్ కూడా అన్ని పొరలు కుట్టనంటోంది.
– ఒక పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: ఆరు చీర పొరలు మైదానంలో చలికి సరిపోతాయి. చింతపల్లి, లంబసింగి దగ్గర చలికాలంలో ఉష్ణోగ్రత సున్నాకి దగ్గరగా వెళ్తుంది, అక్కడికి ఇది చాలదు. మూడు పొరలు తీసేసి ఆ చోట చిరుగుల్లేని పాత ఉన్ని దుప్పటి ఒకటి వేయండి. దూది వద్దంటాను. వెచ్చగానే ఉంటుంది గానీ ఉతికితే ఉండలు కడుతుంది, పొగమంచులో త్వరగా ఆరదు.

మిషన్‌కి 16 లేదా 18 నంబరు సూది వేసి, కుట్టు పొడవు పెంచి, నెమ్మదిగా కుట్టి చూడండి. అయినా దారం తెగుతుంటే బలవంతం చేయొద్దు. పై అతుకులూ అంచూ మిషన్ మీద, మధ్య కుట్టు చేత్తో. చేత్తో కుట్టే ఓపిక లేకపోతే ప్రతి చదరం నాలుగు మూలలా దారం అన్ని పొరల్లోంచి దింపి పైకి తీసి గట్టి ముడి వేయండి, ఆరంగుళాలకొక ముడి పడుతుంది, పొరలు జరగవు.

ప్రశ్న: నేను డాలస్‌లో ఉంటాను. ఇండియా నుంచి తెచ్చుకున్న కాటన్ ముక్కలు చాలా మిగిలాయి. ఇక్కడి పిల్లల ఆసుపత్రికి బొంత కుట్టి ఇవ్వొచ్చా? అమ్మ చీర కూడా అందులో వేయాలనుంది.
– ఒక పాఠకురాలు

జవాబు: ప్రాజెక్ట్ లైనస్ అనే సంస్థ 1995లో కొలరాడోలో మొదలైంది, జబ్బుపడిన పిల్లలకి, కష్టంలో ఉన్న పిల్లలకి చేత్తో చేసిన దుప్పట్లు అందిస్తుంది. మీ ప్రాంతంలో వాళ్ల శాఖ ఉందేమో చూసి, ఏ కొలతలు కావాలో ముందే అడగండి. వాళ్లు అడిగేది కొత్తవి, ఇంట్లో చేసినవి, మిషన్‌లో ఉతకగలిగినవి. కాబట్టి వాడని జాకెట్ ముక్కలు ఉతికి వాడుకోండి, అమ్మ చీర అక్కడికి వద్దు. ఆ చీరతో మీ ఇంట్లో పిల్లలకి ఒకటి కుట్టుకోండి. ఇంట్లో కుక్కా పిల్లీ ఉంటే వెంట్రుకలు అంటకుండా, సిగరెట్ వాసన సోకకుండా కుట్టినంతకాలం సంచిలో పెట్టుకోండి, జబ్బు పిల్లలకి వాటితోనే ఇబ్బంది. గుండీలు, చమ్కీలు, అద్దాలు కుట్టకండి. ఏడాదిలోపు పిల్లలకి నిద్రలో బొంత కప్పకూడదని డాక్టర్లు చెబుతారు, అందుకని కాస్త పెద్ద పిల్లల కొలతలకే కుట్టడం మంచిది.

ప్రశ్న: మా అపార్ట్‌మెంట్ ఆడవాళ్లమంతా కలిసి అనాథ పిల్లల వసతి గృహానికి బొంతలు ఇస్తున్నాం. పిల్లలతో ఫొటోలు దిగి పెట్టుకోవచ్చా?
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: వద్దండి. సంరక్షణలో ఉన్న పిల్లలెవరో తెలిసేలా ఫొటోలు బయటపెట్టకూడదని 2015 నాటి బాలల న్యాయ చట్టం 74వ సెక్షన్ చెబుతోంది. చట్టం లేకపోయినా నేను వద్దనేదాన్నే, బొంత తీసుకున్నందుకు ఏ పిల్లా కెమెరా ముందు నిలబడాల్సిన పనిలేదు. బొంతల్ని పరిచి వాటికే ఫొటో తీసుకోండి. సూపరింటెండెంట్‌కి అప్పగించి వచ్చేయండి, ఇచ్చే ముందు ప్రతి బొంతా ఒకసారి ఉతికి ఎండలో పూర్తిగా ఆరనివ్వండి, లోపల ఒక పిన్నీసు కూడా మిగల్లేదని చేత్తో మొత్తం తడిమి చూడండి. ఒక మూల చిన్న తెల్లగుడ్డ ముక్క మీద ‘చన్నీళ్లలో ఉతకండి, బ్లీచింగ్ వద్దు’ అని దారంతో కుట్టి పెడితే అక్కడ ఉతికేవాళ్లకి తేలికవుతుంది.