పళ్ళెం మోగిస్తే ఉలిక్కిపడుతున్నాడు, అయినా బెరా చేయించాలా?

మీ బాబుకి పుట్టినప్పుడు ఓఏఈలో (చెవిలో చిన్న ప్రోబ్ పెట్టి చేసే వినికిడి పరీక్షలో) రెండు చెవులకీ ‘రిఫర్’ వచ్చింది, ఇప్పుడు అయిదో నెల, నాయనమ్మ పళ్ళెం మోగిస్తే ఉలిక్కిపడుతున్నాడు కాబట్టి ఆగొచ్చా అని కదా అడిగారు. ఆగకండి. ఈ వారంలోనే బెరాకి, అంటే శబ్దానికి వినికిడి నరం, మెదడు ఎలా స్పందిస్తున్నాయో తలకి ఎలక్ట్రోడ్లు అంటించి చూసే పరీక్షకి, అపాయింట్‌మెంట్ తీసుకోండి.

రిఫర్ అంటే చెవుడు అని కాదు, మళ్ళీ పరీక్షించాలని. పుట్టిన ఒకటి రెండు రోజుల్లో చెవి గొట్టంలో తడి, తెల్లటి జిడ్డు మిగిలి ఉంటే లోపలి నుంచి రావాల్సిన సన్నటి ధ్వని మెషీన్‌కి అందదు. అందుకే రెండోసారి రమ్మంటారు. చాలా ఇళ్ళలో ఆ రెండోసారే జరగదు.

పళ్ళెం మోతని నమ్ముకోవద్దు. ఓ మోస్తరు లోపం ఉన్న బిడ్డ కూడా అంత మోతకి అదురుతాడు. మాటల్లోని స, శ, త లాంటి సన్నటి శబ్దాలు మాత్రం వాడికి అందవు. పైగా మంచం అదురు, చెయ్యి నీడ, చప్పట్ల గాలి కూడా బిడ్డకి తెలుస్తాయి.

ఇంట్లో చూడాలనుకుంటే ఫ్యాన్, టీవీ కట్టేసి బాబుని ఒళ్ళో కూర్చోబెట్టుకోండి. ఎదురుగా ఒకరు చప్పుడు లేని బొమ్మ చూపించాలి. ఇంకొకరు వెనక పక్కగా, బాబు కంటికి ఆనకుండా, చెవికి మూరెడు దూరంలో ‘స్స్’ అనాలి, లేదా పల్చటి కాగితం నలపాలి. గాలి తగలకూడదు. రెండు వైపులా విడివిడిగా చూడండి. ఈ వయసుకి కళ్ళో తలో అటు తిరగాలి. ఎప్పుడూ ఒక్క వైపుకే తిరుగుతుంటే రెండో చెవిని అనుమానించాలి. తిరిగినా సరే, బెరా మానొద్దు.

‘ఊ కొడుతున్నాడుగా’ అనే మాట కూడా చాలామందిని ముంచుతుంది. వినపడని పిల్లలూ మొదట్లో ఊ కొడతారు, కిలకిలా నవ్వుతారు. తేడా ఆరు నెలలు దాటాకే బయటపడుతుంది. 10 నెలలకి ‘బబబ’, ‘దదద’ రాకపోయినా, పేరు పిలిస్తే తిరగకపోయినా మాటలు ఆలస్యమని సరిపెట్టుకోకూడదు.

బెరాకి నిద్ర కావాలి. ముందు రాత్రి కాస్త ఆలస్యంగా పడుకోబెట్టండి, ఆటోలో కునుకు తీయనివ్వకండి, అక్కడికెళ్ళాకే పాలివ్వండి. సిరప్ ఇచ్చి నిద్రపుచ్చుతామంటే పాలు ఎప్పుడు ఆపాలో డాక్టర్ని ముందే అడగండి. ఆ రోజు తలకి నూనె రాయొద్దు, నుదుటి మీద, చెవుల వెనక ఎలక్ట్రోడ్లు అంటుకోవు. చెవిలో నూనె పోయడం, స్నానమయ్యాక ఊదడం అయితే ఎప్పటికీ వద్దు, పెద్దవాళ్ళు ఎంత చెప్పినా.

జలుబుంటే చెప్పండి. కర్ణభేరి వెనక నీరు చేరిందేమో టింపనోమెట్రీతో (చెవిలో గాలి ఒత్తిడి మార్చి కర్ణభేరి కదలికని చూసే పరీక్షతో) చూస్తారు. ఆరు నెలల లోపు దాన్ని 1000 హెర్ట్జ్‌తో చేయాలి, పెద్దవాళ్ళకి వాడే 226 హెర్ట్జ్ తప్పుగా చూపించవచ్చు.

బెరా రిపోర్టులో అయిదో తరంగం (వేవ్ V, శబ్దం అందిందని చూపే ముఖ్యమైన గుర్తు) ఎంత తక్కువ డెసిబెల్స్ దాకా కనిపించిందో చూడండి. టక్కుమనే శబ్దంతో చేసే క్లిక్ బెరా ముఖ్యంగా 2000–4000 హెర్ట్జ్ ప్రాంతాన్నే చెబుతుంది, కాబట్టి బొంగురు శబ్దాల కోసం 500 హెర్ట్జ్ టోన్ బర్స్ట్ (ఒకే స్థాయి చిన్న శబ్దం) బెరా కూడా చేయమనండి.

పుట్టగానే ఐసీయూలో ఉంచారా, కామెర్లు బాగా ముదిరాయా, జెంటామైసిన్ లేదా అమికాసిన్ అనే యాంటీబయాటిక్‌లు ఇచ్చారా, మీది మేనరికమా, ఇవన్నీ దాచకుండా చెప్పండి. కామెర్లు ముదిరిన పిల్లల్లో ఓఏఈ పాసైనా నరం దగ్గర తేడా ఉండొచ్చు, అది బెరాలోనే దొరుకుతుంది.

జిల్లా ఆసుపత్రిలో డీఈఐసీ (పిల్లల లోపాల్ని ముందే గుర్తించి చికిత్స చేసే జిల్లా కేంద్రం) ఉంటే ముందు అక్కడ అడగండి, లేదంటే సికింద్రాబాద్‌లో వినికిడి, మాట లోపాల జాతీయ సంస్థ అయిన అలీ యావర్ జంగ్ సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది. లోపం తేలితే ఆరు నెలల లోపే వినికిడి యంత్రం మొదలుపెట్టాలన్నది లెక్క. మీ చేతిలో ఉన్నది ఒక్క నెల.