దంశకణమా, కుట్టుకోశమా?

సందేహం: సముద్రంలో రాళ్లను పట్టుకుని బతికే సీ ఎనిమోన్ల గురించి రాస్తూ, “వీటిని దంశకణాల పరిమాణాన్ని బట్టి వర్గీకరిస్తారు” అన్నాను. “కుట్టుకణాలు” అంటేనే తెలుగు అవుతుందని మా మిత్రుడు పట్టుబడుతున్నాడు. ఏది సాధువు?

సమాధానం: సంస్కృతంలో దంశ ధాతువుకు కొరకడమని అర్థం, కోరకు దంష్ట్ర అనే పేరు అందులోంచి వచ్చిందే. అయితే “దంశస్తు వనమక్షికా” అని అమరసింహుడు అడవి ఈగకూ ఆ పేరే చెప్పాడు కనుక, పాఠ్యపుస్తకాల్లో స్థిరపడిన మీ మాటను తప్పనలేను. కాని తెలుగువాడికి పాము కరుస్తుంది, తేలు కుడుతుంది. బడికి పోని పిల్లవాడికి కూడా తెలిసిన ఈ తేడాను మరిచి “తేలు కరిచింది” అని రాసేవారిని చూస్తే నాకు నిజంగానే ఒళ్లు మండుతుంది.

కుట్టు అనగానే నేటివారికి దారమూ మిషనూ గుర్తొస్తాయి. నా మటుకు ఆ మాటకు ప్రాణం దారంలో లేదు, పొడవడంలో ఉంది. పసివాళ్లకు చెవులు కుట్టిస్తాం, అక్కడ దారం పని లేదు. మా అమ్మమ్మ మోదుగాకుల విస్తరి కుట్టేటప్పుడు ఆమె చేతిలో ఉండేది సన్నని ఈనెపుల్ల మాత్రమే. ఆకు మీద ఆకు పెట్టి, పొడిచి, మిగిలిన పుల్లను చిటుక్కున తుంచేది. ఎదుటివాడి కలిమికి కన్ను కుట్టడంలోనూ ఆ పోటే ఉంది. విచిత్రమేమిటంటే, మీరు చెప్పే కణంలో ఉండే కుట్టే తిత్తికి శాస్త్రజ్ఞులు పెట్టిన నెమటోసిస్టు అనే పేరులోని గ్రీకు “నేమ”కు దారమనే అర్థం. చిన్న తిత్తిలో చుట్టలు చుట్టుకుని ఉన్న బోలు దారం, ఎర తగలగానే లోపలి వైపు బయటికి తిరగబడుతూ దూసుకువచ్చి గుచ్చుకుంటుంది. సూదీ దారమూ ఒకటే అయిన ఈ పనికి “కుట్టు” కన్నా మంచి మాట నాకు తోచదు. పాముకు తలలో, తేలుకు తోకలో విషమని చెప్పి, “ఖలునకు నిలువెల్ల విషము” అన్న సుమతి శతకకారుడు ఈ సీ ఎనిమోన్‌ను చూసి ఉంటే ఏమనేవాడో! దీని స్పర్శకాల్లోనూ (నోటి చుట్టూ ఉండే మీసాల్లాంటివి), గొంతులోనూ, మొండెం మీదా, లోపలి తంతువుల్లోనూ ఆ తిత్తులే.

అసలు పొరపాటు మీ ఇద్దరిదీ “కణం” దగ్గర ఉంది. శాస్త్రజ్ఞులు కొలిచేది కణాన్ని కాదు, కణం తనలో తయారుచేసుకున్న ఆ తిత్తిని. కాబట్టి “కోశం” అనాలి. “పరిమాణం” అంటే ఎంత ఉందనే అర్థం కూడా తోస్తుంది. ఇక్కడ కోశం పేలకముందు దాని పొడవు వెడల్పులను మైక్రోమీటర్లలో, ఏ అవయవానికి ఆ అవయవానికి విడిగా చూస్తారు కనుక “కొలతలు” మేలు. “బట్టి వర్గీకరిస్తారు” అన్నదీ కొంచెం దూకుడు మాటే. కోశాల రకాలూ, కండరాల అమరికా వంటివాటితో కలిపి కొలతలను చూస్తారు తప్ప వాటినే నమ్ముకోరు. ఎందుకంటే కొలత జీవి సైజుతో పాటు మారుతుంది: పెద్ద జీవికి కోశాలూ పొడవుగా ఉంటాయని లిస్బెత్ ఫ్రాన్సిస్ అనే పరిశోధకురాలు 2004లో చూపించారు.

సీ ఎనిమోన్‌ను సముద్రపుష్పం అనవచ్చు, అది జంతువని ఒకసారి చెప్పి.

ఇక కుట్టుకోశం అనడానికే నా మొగ్గు. అయితే ఇదే జీవి స్పర్శకాల్లో స్పైరోసిస్టు అనే మరో రకం కోశం ఉంది. దాని దారం గుచ్చుకోదు, ఎరకు అంటుకుంటుంది. దానికి మీ మాటా చెల్లదు, మీ మిత్రుడి మాటా చెల్లదు.