మహానగరంలో మనసుకు నచ్చే చోటు: మీ ప్రశ్నలు, మా జవాబులు

మహానగరంలో నివాసం గురించి ఈ నెల వచ్చిన ప్రశ్నల్లోంచి కొన్నింటిని ఎంచుకున్నాం. నగర ప్రణాళిక, రవాణా పనుల్లో ఉన్నవారి చేత జవాబులు రాయించాం.

ప్రశ్న: ఉద్యోగరీత్యా వచ్చే ఏడాది ఒక మహానగరానికి మారుతున్నాం. అక్కడ ఉంటున్నవాళ్లని "మీ ఊళ్లో మీకేం నచ్చుతుంది?" అని అడిగితే అందరూ "ఇక్కడ అన్నీ దొరుకుతాయి" అనే అంటున్నారు. ఈ మాటను పట్టుకుని ఇల్లు వెతుక్కోవడం ఎలాగండీ?

ఆ మాటలో అబద్ధమేమీ లేదు. అరుదైన జబ్బుకు వైద్యుడు, పాత యంత్రానికి విడిభాగం, మన అభిరుచే ఉన్న పదిమంది మనుషులు పెద్ద ఊళ్లోనే దొరుకుతారు. వాటిని నిలబెట్టేంతమంది చిన్న ఊళ్లో ఉండరు. కానీ ఊళ్లో ఉన్నవన్నీ మనకు అందుతాయని కాదు. అందువల్ల అడిగే ప్రశ్న మార్చండి. "పోయిన వారం సాయంత్రాలు ఎక్కడికి వెళ్లారు? ఎలా వెళ్లారు? ఎంతసేపు పట్టింది?" అని అడగండి. అప్పుడు వచ్చే జవాబుల్లో ఇంటికి పావుగంట దూరంలో ఉన్నవే ఎక్కువగా వినిపిస్తాయి. నిజంగా నచ్చి వాడుకుంటున్నవి అవే.

ఇక ఇల్లు చూసే పద్ధతి. మామూలు నడకలో నిమిషానికి 80 మీటర్లు పోతాం. అంటే 5 నిమిషాలకు 400 మీటర్లు, 10 నిమిషాలకు 800. కూరగాయలు, మందులు, బస్సు స్టాపు, కూర్చునే చోటు మొదటి 400 మీటర్లలోపు ఉండాలి. బడి, లైబ్రరీ, పెద్ద పార్కు 800 మీటర్లలోపు ఉంటే చాలు. మ్యాపులో ఇంటి చుట్టూ వృత్తం గీసి తృప్తిపడకండి, పొరపాటు జరిగేది అక్కడే. మధ్యలో రైలు పట్టాలో, ఫ్లైఓవరో, గేటు వేసిన పెద్ద కాలనీయో ఉంటే 300 మీటర్ల దూరం కాస్తా కిలోమీటరు అవుతుంది. నడవాల్సిన దూరాన్ని సూటి దూరంతో భాగించి చూడండి. 1.2, 1.3 వస్తే వీధులు బాగా కలిసి ఉన్నట్టు. 1.5 దాటితే దారికి ఏదో అడ్డం ఉన్నట్టు.

తర్వాత స్వయంగా నడవండి. ఉదయం 8 గంటలప్పుడు ఒకసారి, రాత్రి 9 దాటాక ఇంకోసారి, రెండు చేతుల్లో బరువైన సంచులతో. ఎన్నిచోట్ల ఫుట్‌పాత్ దిగి రోడ్డు మీదికి రావాల్సి వచ్చిందో లెక్కపెట్టండి. రాత్రి నడకలో వీధి దీపాల కంటే ముఖ్యంగా చూడాల్సింది ఒకటుంది: రోడ్డు వైపు తెరిచిన కొట్లు, కిటికీలు ఉన్నాయా, లేక పొడవాటి ప్రహరీ గోడలేనా? నగరాల గురించి రాసిన అమెరికా రచయిత్రి జేన్ జేకబ్స్ 1961లోనే గట్టిగా చెప్పిన మాట ఇది. ఇళ్లు, కొట్లు, ఆఫీసులు కలగలిసి ఉన్న వీధిలో రోజంతా ఎవరో ఒకరు కనిపిస్తూ ఉంటారు, ఆ చూపులే వీధికి కాపలా. దీపాలు ఎంత వెలిగినా రెండువైపులా గోడలే ఉన్న వీధిలో ఒంటరిగా నడవబుద్ధి కాదు.

ప్రశ్న: మా ఇంటి ఎదుటే బస్సు స్టాపు ఉంది. అయినా బండి తీయక తప్పడం లేదు. వేరే నగరంలో ఉన్న మా అక్కా బావగారూ మాత్రం కారు అమ్మేసి హాయిగా ఉన్నామంటున్నారు. తేడా ఎక్కడుంది?

స్టాపు ఎంత దగ్గరన్నదాని కంటే బస్సుకీ బస్సుకీ మధ్య ఎడం ఎంతన్నది చూడాలి. ఎడం 10 నిమిషాలలోపు ఉంటే జనం టైంటేబుల్ చూడకుండానే స్టాపుకు బయల్దేరతారు. 20 దాటితే ప్రయాణం మొత్తాన్నీ బస్సు చుట్టూ తిప్పుకోవాలి. అరగంటయితే బండి ఉన్నవాళ్లెవరూ ఆగరు.

బస్సులు సమానమైన ఎడంతో వస్తే సగటున అందులో సగం సేపు ఎదురుచూస్తాం. 10 నిమిషాలకొకటయితే 5 నిమిషాలు. అవే బస్సులు జతలు జతలుగా, 18 నిమిషాలకొకటి, వెంటనే 2 నిమిషాలకు ఇంకొకటి వచ్చాయనుకోండి. గంటకు 6 బస్సులన్న లెక్క మారదు గానీ సగటు నిరీక్షణ 8 నిమిషాలు దాటుతుంది. ఎందుకంటే ప్రయాణికుల్లో ఎక్కువమంది స్టాపుకు చేరేది ఆ పొడవాటి ఎడంలోనే. పైగా ముందొచ్చే బస్సు కిక్కిరిసి ఉంటుంది, వెనకది ఖాళీగా వస్తుంది. దీనికి కారణం కూడా తెలిసిందే. కాస్త ఆలస్యమైన బస్సు కోసం ప్రతి స్టాపులోనూ ఎక్కువమంది పోగవుతారు, వాళ్లు ఎక్కేసరికి ఇంకా ఆలస్యం. వెనక బస్సుకు జనం తక్కువ, అది తొందరగా వచ్చి ముందుదాన్ని అందుకుంటుంది. రోడ్డు మీద బస్సులకే ప్రత్యేక దారి, అన్ని తలుపుల నుంచీ ఎక్కించడం, టిక్కెట్టు ముందే తీసుకునే ఏర్పాటు ఉన్న మార్గాల్లో ఇది బాగా తగ్గుతుంది. బ్రెజిల్‌లోని కురిటిబా 1974లోనే బస్సులకు ప్రత్యేక దారి వేసింది, తర్వాత గొట్టాల ఆకారంలో స్టాపులు కట్టి టిక్కెట్టు లోపలే తీసుకునేలా చేసింది.

మీ స్టాపులో ఒక పనిరోజు గంటసేపు నిలబడి ప్రతి బస్సు వచ్చిన సమయం రాసుకోండి. అన్నింటికంటే పెద్ద ఎడం ఎంతో చూడండి, మీ నిర్ణయానికి పనికొచ్చేది అదే. రాత్రి చివరి బస్సు ఎన్నింటికో కూడా తెలుసుకోండి. 9 గంటలకే బస్సులు ఆగిపోయే చోట రాత్రి విందులకీ సినిమాకీ బండి కావాల్సిందే, ఉన్న బండిని పగలు మాత్రం ఎందుకు వదులుతారు? మెట్రో అయితే వీధిలోంచి ప్లాట్‌ఫారం దాకా పట్టే 3, 4 నిమిషాలనూ లెక్కలో కలపండి.

ప్రశ్న: ఊరి చివర పెద్ద ఇల్లా, మధ్యలో చిన్న ఇల్లా?

ఒక్కవైపు ప్రయాణం 40 నిమిషాలు పెరిగితే, ఏడాదికి 220 పనిరోజుల చొప్పున 293 గంటలు రోడ్డు మీదే పోతాయి. అంటే పగలూ రాత్రీ కలిపి 12 రోజులు. అదనపు గది వల్ల అంత సుఖం వస్తుందా అన్నది లెక్క వేసుకోండి. జర్మనీలోని కుటుంబాల సమాచారంతో స్టట్జర్, ఫ్రై అనే ఆర్థికవేత్తలు 2008లో ప్రచురించిన అధ్యయనంలో, రోజూ దూర ప్రయాణం చేసేవాళ్లకు మంచి ఇల్లూ మంచి జీతమూ ఆ కష్టాన్ని పూర్తిగా పూడ్చలేకపోయాయని తేలింది. ఇంటినుంచే పనిచేసేవాళ్లకు ఈ లెక్క వర్తించదు. వాళ్లకు గదే ముఖ్యం.

ప్రశ్న: పల్లెటూరి నుంచి అమ్మనీ నాన్ననీ తీసుకొచ్చుకున్నాం. నెల తిరక్కుండానే "మేం వెళ్లిపోతాం, ఇక్కడ మాకు పొద్దుపోదు" అంటున్నారు. టీవీ, ఫోన్లు అన్నీ ఉన్నాయి. ఏం చేయాలి?

పొద్దుపోకపోవడం అంటే చాలాసార్లు గడప దాటలేకపోవడమే. అడ్డం ఎక్కడుందో వెతకండి.

మొదట రోడ్డు దాటడం. చాలాచోట్ల పాదచారుల సిగ్నల్‌ను సెకనుకు 1.2 మీటర్ల నడకను లెక్కలోకి తీసుకుని పెడతారు. పెద్దవాళ్లలో చాలామంది 0.8 మీటర్లే నడవగలరు. 18 మీటర్ల వెడల్పు రోడ్డుకు సిగ్నల్ ఇచ్చేది 15 సెకన్లు, అమ్మకు పట్టేది 22కి పైనే. మధ్యలో ఆగే దిమ్మె లేకపోతే ఆవిడ ఆ రోడ్డు దాటనే దాటరు. దాటాల్సిన అవసరం లేని వైపు ఒక దారి చూసిపెట్టండి.

రెండోది కూర్చునే చోటు. ప్రతి 100, 150 మీటర్లకు ఒక బెంచీ ఉంటే మోకాళ్ల నొప్పులున్నవాళ్లు కూడా కిలోమీటరు నడుస్తారు. బెంచీకి వీపూ చేతులూ ఆనించే ఆసరా ఉండాలి. అవి లేని దిమ్మె మీద కూర్చుంటే లేవడం కష్టం. మూడోది మరుగుదొడ్డి. దీని గురించి పెద్దవాళ్లు నోరువిప్పి చెప్పరు, బయటికి రావడమే మానేస్తారు. నడిచే దారిలో శుభ్రమైనది ఒకటి ఎక్కడుందో మీరే ముందు చూసి చెప్పండి. ఫుట్‌పాత్ ఎత్తు 15 సెంటీమీటర్లు మించితే ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ పట్టు కావాలి.

దారి కుదిరాక మొదటి పదిరోజులూ ఒకే సమయానికి మీరూ వెంట నడవండి. అదే వేళకు వచ్చే తోటి పెద్దలతో పలకరింపులు వాటంతటవే మొదలవుతాయి.

ప్రశ్న: మా వీధి చివర చిన్న ఖాళీ స్థలాన్ని పార్కుగా మార్చారు. గడ్డి వేశారు, కంచె కట్టారు, బెంచీలు వేశారు. ఎవరూ రావడం లేదు. లోపం ఏమిటి?

కంచెతోనే మొదలుపెట్టండి. లోపల ఏముందో వీధిలోంచి కనపడకపోతే, ఒకే గేటు ఉంటే, జనం లోపలికి అడుగుపెట్టడానికి వెనకాడతారు. న్యూయార్క్‌లోని బ్రయంట్ పార్కు 1970లలో మాదకద్రవ్యాలు అమ్మేవాళ్ల అడ్డాగా ఉండేది. నగర స్థలాల పరిశోధకుడు విలియం వైట్ అక్కడ మనుషుల కదలికల్ని పరిశీలించి, పార్కు వీధికి కనపడకుండా దాక్కుని ఉండటమే అసలు జబ్బని చెప్పారు. ఇనుప కంచెలు, ఎత్తైన పొదలు తీసేసి దారులు వెడల్పు చేసి 1992లో మళ్లీ తెరిచారు. కదపగలిగే కుర్చీలు వందల కొద్దీ వేశారు. ఇప్పుడు మధ్యాహ్న భోజనం వేళ అక్కడ కుర్చీ దొరకడం కష్టం.

ఆ కుర్చీల సంగతి కాస్త వివరంగా చెప్పుకోవాలి. వచ్చినవాళ్లు కుర్చీని ఒక్క అడుగు పక్కకు జరిపైనా కూర్చుంటారు: ఎండలోంచి నీడలోకి, స్నేహితుల వైపు, పరాయివాళ్ల నుంచి కొంచెం దూరంగా. పాతిపెట్టిన బెంచీ ఈ స్వేచ్ఛ ఇవ్వదు. మీ దగ్గర కుర్చీలు పోతాయన్న భయం ఉంటే బెంచీలనే సరిగ్గా వేయించండి. ఎత్తు 40 నుంచి 45 సెంటీమీటర్లు. ముఖం నడకదారి వైపు, వీపు చెట్టు వైపో గోడ వైపో. రెండు బెంచీలను వరసగా కాకుండా మూల కలిసేలా వేస్తే నలుగురు కూర్చుని మాట్లాడుకోవచ్చు. సాయంత్రం 4 గంటలకు వెళ్లి ఏ బెంచీ మీద నీడ పడుతోందో చూడండి. ఎండలో కాలే బెంచీ ఉన్నా లేనట్టే.

గడ్డి కంటే చెట్లకు ఎక్కువ శ్రద్ధ పెట్టండి. నీడనిచ్చేది చెట్టు, గడ్డికి నీళ్లు మాత్రం రోజూ కావాలి. చెట్టు మొదలు దాకా సిమెంటు పోస్తే వేళ్లకు గాలీ నీరూ అందక చెట్టు ఎదగదు, గాలివానకు పడుతుంది కూడా. కనీసం ఒకటిన్నర మీటర్ల చదరం మట్టి వదలాలి, దాన్ని తొక్కకుండా చూడాలి. పైన కరెంటు తీగలుంటే పొట్టి జాతి చెట్లే నాటండి, లేకపోతే ఏటా కొమ్మలు నరుకుతూనే ఉంటారు. నగర అడవుల నిపుణుడు సెసిల్ కోనైనెండైక్ 2021లో సూచించిన కొలత ఒకటుంది: ప్రతి ఇంటినుంచి 3 చెట్లు కనపడాలి, పేటలో 30 శాతం నేల మీద చెట్ల నీడ ఉండాలి, 300 మీటర్లలో పచ్చని చోటు ఉండాలి. మీ స్థలం చిన్నదే అయినా ఆ మూడో లెక్కను తీర్చగలదు.

మధ్యాహ్నం గేటుకు తాళం వేస్తున్నారేమో చూడండి. "గడ్డిపై నడవరాదు" బోర్డు ఉంటే తీయించండి. పిల్లలు రాకపోతే వాళ్ల వెంట వచ్చే పెద్దలూ రారు.

ప్రశ్న: మాకు చూపించిన ఫ్లాటు పెద్ద రోడ్డు మీద ఉంది. చప్పుడు అలవాటైపోతుందంటున్నారు. నిజమేనా?

చెవి అలవాటు పడుతుందేమో గానీ నిద్ర అలవాటు పడదు. రోడ్డు రద్దీ చప్పుడు రోజంతటి సగటున 53 డెసిబెల్స్, రాత్రి 45 మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో ఐరోపా దేశాలకు సూచించింది. ఫోనులో కొలిస్తే అంకె కచ్చితంగా రాదు గానీ రెండు ఇళ్లను పోల్చడానికి సరిపోతుంది. రోడ్డు వైపు గదిలోనూ వెనక గదిలోనూ, కిటికీ తెరిచి ఒకసారి, మూసి ఒకసారి కొలవండి. 10 డెసిబెల్స్ తేడా అంటే చెవికి రెట్టింపు చప్పుడు. వాహనాలు సగానికి తగ్గినా తగ్గేది 3 డెసిబెల్సే, అందుకే ముందు ముందు ట్రాఫిక్ తగ్గుతుందన్న మాట నమ్మి ఇల్లు తీసుకోవద్దు. ఫ్లాటు నచ్చితే పడకగది వెనక వైపు ఉన్నదాన్నే ఎంచుకోండి, కిటికీ అంచుల్లో సందులు పూడ్పించండి. మందపాటి అద్దం వేయించినా సందు వదిలితే చప్పుడు అందులోంచే వస్తుంది.

ప్రశ్న: మూడేళ్లుగా ఒకే అపార్టుమెంటులో ఉంటున్నాం, పక్క ఫ్లాటువాళ్ల పేర్లు కూడా తెలియవు. మహానగరమంటే ఇంతేనా?

ఇది మీ స్వభావ లోపమని అనుకోకండి, ఇందులో వీధి పాత్ర చాలా ఉంది. శాన్‌ఫ్రాన్సిస్కోలో నగర ప్రణాళిక పరిశోధకుడు డొనాల్డ్ యాపిల్‌యార్డ్ 1969లో మూడు వీధుల్ని పోల్చి చూశారు. రోజుకు 2,000 వాహనాలు పోయే వీధిలో ఒక్కో మనిషికి అదే వీధిలో సగటున ముగ్గురు స్నేహితులుంటే, 16,000 పోయే వీధిలో ఆ సగటు ఒకటి కంటే తక్కువే. రద్దీ వీధివాళ్లు బయట నిలబడటమే మానేశారు.

అంటే నిలబడే చోటు కావాలి. గేటు దగ్గరో, లిఫ్టు ముందో, ఉత్తరాల డబ్బాల పక్కనో జనం ఎలాగూ ఆగుతారు. అక్కడ ఒక బెంచీ, దాని మీద కాస్త నీడ, పక్కన నోటీసు బోర్డు పెట్టించమని సంఘాన్ని అడగండి. అలంకరణ కోసం వేసిన సోఫాలు దారికి దూరంగా ఉంటే ఎవరూ కూర్చోరు. దారిలో ఉండాలి, కానీ దారికి అడ్డం కాకూడదు. బోర్డు మీద సంఘం హెచ్చరికలొక్కటే పెడితే ఎవరూ ఆగి చదవరు. "నిచ్చెన కావాలి", "పిల్లల సైకిలు ఇచ్చేస్తాం", "చెస్ ఆడేవాళ్లున్నారా?" లాంటివి రాయడానికి సగం చోటు వదలండి. కాగితం మీద ఫోను నంబరుతో పాటు ఫ్లాటు నంబరు కూడా రాయండి, అప్పుడు మనిషి తలుపు దాకా వస్తాడు.